రెండు వైపుల జాకెట్

ఉదయం 6:40. అచ్చంపేట దాటాక ఘాట్ మలుపు కింద ఉవైస్ శవం. పక్కన వంకర తిరిగిన బైకు.

ఉవైస్ మెకానిక్. బైకు ముఠా సినిమా తీసేవాళ్ల బండ్లు బాగుచేసేవాడు. ఆ సినిమా వైభవం ఏమని చెప్పేది! తెరమీద నలభై బైకులు. నేలమీద మూడు. నంబర్ ప్లేట్లు మార్చుకుని అవే తిరిగి తిరిగి వస్తాయి. దుమ్ము మాత్రం అసలుదే. ఆ దుమ్ముకు నల్లమల పులి ఏడుసార్లు తుమ్మిందట!

డైరెక్టర్ ప్రభుదాసు ఆ పూటే కంప్లైంట్ రాసిచ్చాడు. "బండి దొంగిలించి ఉరికిండు సార్. మేం ఎనిమిదింటికి గాని లొకేషన్‌కు రాలే."

మర్నాడు ఉవైస్ తల్లి సకీనాబీ స్టేషన్‌కు వచ్చింది.

"పోయినోడు ఎట్లాగూ రాడు సారూ. దొంగ అన్న మాటొక్కటి తీసెయ్యి."

ఎస్సై కురుమూర్తికి ఒకటే అనుమానం. కంకరమీద అంత దూరం ఈడ్చుకుపోయినవాడి చొక్కాకు ఒక్క గీతా లేదు. ఎందుకు?

11:15. లొకేషన్‌లో పాట షూటింగ్. మండే ఎండలో నల్ల రెగ్జిన్ జాకెట్ తొడుక్కుని హీరో జితేందర్ చెమటలు కక్కుతున్నాడు.

"ముఠా మొత్తానికి జాకెట్లు ఎన్ని?" కురుమూర్తి అడిగాడు.

"ఒకటే సార్!" జితేందర్ గొప్పగా చెప్పాడు. "గిట్ల తొడిగితే హీరో. లోపలిది బయటికి తిప్పితే విలన్."

"తిప్పు."

జితేందర్ పక్కనే ఉన్న ప్రభుదాసు వైపు చూశాడు. కురుమూర్తే విప్పించి తిప్పాడు.

ఎర్రటి అస్తరు చీలికలు పేలికలు. మోచేతుల్లో కంకర. దానిమీది పుర్రెబొమ్మ కంట్లో ఎండిన నెత్తురు.

"పారిపోయే దొంగ విలన్ వేషం ఏస్కుంటడా ప్రభుదాసూ? పిలగాన్ని డూపుగా పెట్టి తెల్లారంగనే షాట్ తీసినవ్. పడ్డడు. మీది జాకెట్ ఎందుకు విప్పినవ్?"

"ఒక్కటే జాకెట్ సార్... పాట మిగిలుండె."

"విప్పేటప్పుడు ఊపిరి ఉండెనా?"

జనరేటర్ ఒక్కటే మోగుతోంది.

సాయంత్రం 4:20. ప్రభుదాసు లాకప్‌లో ఉన్నాడు. దొంగతనం మాట కొట్టేశామని కురుమూర్తి చెప్పాడు. సకీనాబీ తలూపింది. లేవలేదు.

"జర ఆ షాట్ ఫోన్ల చూపియ్యి సారూ. వాడు బండి ఎట్ల తోలిండో ఒక్కపారి చూస్త."

కురుమూర్తి లాకప్ వైపు తిరిగాడు. "కెమెరా కార్డు ఏది?"

ప్రభుదాసు ఊచల వెనక నుంచి గొణిగాడు. "దాన్ని ఖాళీ చేసి పాట తీసినం సార్. ఉన్నది ఒక్కటే కార్డు."

సకీనాబీకి ఆ మాట వినబడలేదు. ఫోన్ కోసం చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.