రెడీ అంటే ఏంటి నీ లెక్కలో?

"రెడీ," అన్నాడు తొందరబాబు.

"కాలేదు," అంది బ్రేకు.

ఇద్దరికీ అసలు పేర్లున్నాయి, ఆఫీసులో ఎవరూ వాడరు. అతను కోడ్ రాస్తాడు, రాసిన మరుక్షణం జనంలోకి వదిలేద్దామంటాడు. ఆమె దాన్ని పరీక్షించే టెస్టర్. తప్పు దొరికేదాకా వదలదు.

మామూలుగా ఈ గొడవ టీ చల్లారేలోపు తేలిపోయేది. కానీ పోయిన వారం మెట్ల దగ్గర "పెళ్లికి రెడీయా?" అని అతను అడిగాడు. "ఇంకా కాలేదు," అందామె. ఇష్టం లేక కాదు. అతను మాత్రం మర్నాడే వేరే ఊరి ఆఫీసుకు బదిలీ అడిగాడు. వచ్చింది కూడా. ఇవాళ సాయంత్రంలోగా సరేనంటే చాలు, ఆమె ఎదురు కుర్చీ ఖాళీ.

టీమ్‌లీడ్ అక్క విసుగ్గా లేచింది. "ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం! మన రూల్ ఏంటి? ఎదుటివాళ్ల మాటకి అర్థం మీరు చెప్పాలి. వాళ్లు అవునంటేనే వాదన." తలుపేసి వెళ్లిపోయింది.

కిటికీ అవతల వాన ఎవరినీ పట్టించుకోకుండా కురుస్తోంది.

"చెప్పు, నా లెక్కలో రెడీ అంటే ఏంటి?" అడిగింది బ్రేకు.

"ఒక్క తప్పూ లేకపోవడం. అంటే ఈ జన్మలో కానిది."

"కాదు. తప్పుల్లేని కోడ్ నేనింతవరకూ చూళ్లేదు, నీది మరీను. ఏ తప్పు ఎక్కడుందో తెలిసి, దాంతో బతకగలనని తేలితే, అదీ రెడీ."

అతను తలెత్తాడు. "నాలో ఏమైనా దొరికాయా?"

"బోలెడు. అలుగుతావు. సగం విని ఊరు మారిపోతావు. 'ఇంకా కాలేదు' అంటే 'వద్దు' అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు." గొంతు తగ్గింది. "సరే, నాది నువ్వు చెప్పు."

"నీ లెక్కలో రెడీ అంటే భయం. ఆలస్యమైతే చేజారిపోతుందని."

అతను అవునన్నట్టు తలూపాడు. "ఇలాంటోడితో బతకగలవా?"

"అది చూసుకోడానికేగా టైమడిగాను, మహానుభావా!"

"ఎంత కావాలి?"

"నువ్వు కిందకెళ్లి, బదిలీ వద్దని చెప్పి వచ్చేంత."

అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఆమె దాన్ని నిలబెట్టి, వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, ఒకబ్బాయి గురించి చెప్పాలి. లోపాలు ముందు చెప్పనా, పేరు ముందు చెప్పనా?"