‘సి షిఫ్టు’ ఎవరి ఆట?

ఉదయం పది దాటాక సత్యశ్రీ బ్యాగు పోయింది.

ఉక్కునగరంలో ఒక సెక్టారు కమ్యూనిటీ హాలు. స్టేజీ వెనక చిన్న గది. గదిలో కుర్చీ, కుర్చీ మీద నల్ల బ్యాగు, బ్యాగులో లాప్‌టాప్. గదికి తాళం వేయించి, మొహం కడుక్కుని వచ్చి తీయించేసరికి కుర్చీ ఒక్కటే మిగిలింది.

హాల్లో ఎవరికీ పట్టలేదు. వాళ్ళు ఫ్లెక్సీ కడుతున్నారు. ‘మాటలాట వెబ్‌సైట్ ఘన ప్రారంభోత్సవం’ అని పెద్ద అక్షరాలు. వాటి కింద అధ్యక్షుడు భీమశంకరరావు ఫోటో, తలుపంత. పక్కన కార్యదర్శి సాయిశంకర్ ఫోటో, కిటికీ అంత. ఆట రాసిన సత్యశ్రీ పేరు కింది అంచున ఉంది. అక్కడే తాడు కట్టి ముడేశారు.

మాటలాట అంటే పెద్ద రహస్యమేమీ కాదు. బొమ్మల్లేని ఆటల వెబ్‌సైటు. తెర మీద తెలుగులో నాలుగు వాక్యాలు కనబడతాయి. ‘తలుపు తియ్యి’, ‘కుడికి’ అని మనం టైపు చేస్తే కథ ముందుకు నడుస్తుంది. అలాంటి ఆటలు ఎవరు రాసినా అందులో పెట్టుకోవచ్చు, ఎవరైనా ఊరికే ఆడుకోవచ్చు. మంచి ఆలోచనే. కానీ దానికో కమిటీ ఏర్పడింది. కమిటీకి అధ్యక్షుడు దొరికాడు. ఆ తర్వాత ఆటల గురించి మాట్లాడినవాళ్ళు లేరు. శాలువాల గురించి మాత్రం మూడు మీటింగులు జరిగాయి.

పదకొండు గంటలకి ఎస్.ఐ. సూర్యకళ జీపు దిగింది. యారాడ అమ్మాయి. వాళ్ళ నాన్న ఇప్పటికీ సముద్రం మీద చేపల వేటకెళ్తాడు. సైబర్ ట్రైనింగ్ చేసింది కాబట్టి కంప్యూటర్ అనే మాట వినబడిన ప్రతి కేసూ ఆమె నెత్తిన పడేస్తారు. స్టేజీ మీద కుర్చీలు చూడగానే ఆమెకి తలనొప్పి మొదలవుతుంది. ఇక్కడ పదకొండు కుర్చీలున్నాయి.

“బ్యాగు ఖరీదు ఎంతుంటాదమ్మా?”

“బ్యాగు పోతే పోనీండి మేడమ్. నా ఆట అందులోనే ఉంది. ‘సి షిఫ్టు’. నాలుగేళ్ళు రాసుకున్నాను.”

“కాపీ లేదా?”

“పెన్ డ్రైవ్‌లో ఉంది. అదీ బ్యాగులోనే పెట్టినాను.”

సూర్యకళ ఆ పిల్లని పైనుంచి కిందదాకా చూసింది. తిట్టాలనిపించింది. కళ్ళు వాచి ఉన్నాయని ఊరుకుంది.

సత్యశ్రీ తండ్రి శ్రీరామ్మూర్తి స్టీలు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. అక్కడ సి షిఫ్టు అంటే రాత్రి డ్యూటీ. ఈ నెలాఖరుకి రిటైర్ అవుతున్నాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. తను పుట్టి పెరిగిన ఆ ఇంటిని గది గదిగా ఆటలో పెట్టుకుంది సత్యశ్రీ. ఇల్లు ఎలాగూ పోతుంది. ఆట కూడా పోతే ఆ ఇంటి గుర్తు ఎక్కడా మిగలదు. ఈ సంగతంతా సూర్యకళకి చెప్పి రాయించింది.

తర్వాత సాయిశంకర్ వంతు. దువ్వాడలో ఒక కాలేజీ లెక్చరర్. వెబ్‌సైటు కట్టింది ఇతనే. ‘మా గురించి’ అనే పేజీలో తన ఫోటోలే తొమ్మిది పెట్టుకున్నాడు.

“ఆ గది తాళం ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరొకటండి. అధ్యక్షుల వారి దగ్గర ఇంకోటి.”

“పది గంటలకి మీరెక్కడున్నారు?”

“స్టేజీ మీద మైకు టెస్టింగ్ సేస్తన్నాను మేడమ్. వీడియో ఉంది.”

“అధ్యక్షులు?”

“దండ మర్చిపోయానని స్కూటర్ మీద ఇంటికెళ్ళొచ్చారు.”

“ఎవరికి దండ?”

“ఆయనకేనండి.”

సూర్యకళ అదీ రాసుకుంది. “‘సి షిఫ్టు’ ఆట ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో మీరెప్పుడైనా ఆడినారా?”

లాంచింగ్ హడావిడిలో కుదరలేదని సాయిశంకర్ చెప్పాడు. కమిటీలో మిగతావాళ్ళని అడిగింది. వాళ్ళకీ కుదరలేదు. ఆటల వెబ్‌సైటు పెడుతున్న పెద్దమనుషుల్లో ఒక్కడంటే ఒక్కడు ఆట ఆడలేదు.

పన్నెండింటికి భీమశంకరరావు మైకు పట్టుకున్నాడు. ప్లాంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసర్నని చెప్పుకుంటాడు. ఇంట్లో ‘నాను’ అనే మనిషి మైకు ముందు ‘నేను’ అంటాడు. బ్యాగు పోయినందుకు చింతిస్తున్నానన్నాడు. అయినా ప్రారంభోత్సవం ఆగదన్నాడు. ఎందుకంటే ‘సి షిఫ్టు’ నిజానికి తన రచన అట. పక్క క్వార్టర్ అమ్మాయి కదా అని సత్యశ్రీకి టైపింగ్ పని ఇచ్చాడట. ఆమె దాన్ని తన పేరున వేసుకోవాలని చూసిందట. బయటపడుతుందని భయపడి బ్యాగు పోయిన నాటకం ఆడుతోందట. అదృష్టవశాత్తు అసలు కాపీ తన కంప్యూటర్లో భద్రంగా ఉందట.

చప్పట్లు కొట్టారు. కొట్టకేం చేస్తారు, బిర్యానీ ఆయన ఖర్చు.

“అది నా ఆటండి,” అంది సత్యశ్రీ లేచి నిలబడి. ఎవరూ తల తిప్పలేదు.

రిబ్బన్ కత్తిరించారు. వెబ్‌సైటు తెరుచుకుంది. మొదటి ఆట: సి షిఫ్టు. రచన: భీమశంకరరావు. నాలుగు గంటలకి కమిటీ మీటింగు అన్నారు. సత్యశ్రీ సభ్యత్వం రద్దు చేసి, ఫలానా అమ్మాయి రచనలు దొంగిలిస్తుంది, జాగ్రత్త అని ఫోటోతో సహా మొదటి పేజీలో పెడతారట. తెలుగులో ఈ ఆటలు రాసేవాళ్ళు గుప్పెడు మంది. ఆ నోటీసు పడితే ఆమె రాసింది ఇంకెవరూ ముట్టుకోరు.

మీటింగులో పెట్టబోయే తీర్మానం చదివి వినిపించి అందరూ భోజనాలకి లేచారు. ఆట తెర మీద అలాగే ఉండిపోయింది. దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నవాళ్ళే గాని ఒక్క అక్షరం టైపు చేసినవాడు లేడు.

సూర్యకళ జీపులో కూర్చుని ఫోన్లో ‘సి షిఫ్టు’ తెరిచింది.

‘కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. వీధి తలుపు దగ్గర నిలబడ్డావు. నాన్న సి షిఫ్టుకి వెళ్ళాలి, బస్సు వచ్చేస్తుంది. ముందు వంటింట్లో అగ్గిపెట్టె వెతుకు. వంటిల్లు ఎటో నీకు తెలుసు.’

ఆమెకి తెలియదు. కుడికి అని కొట్టింది.

‘వంటిల్లు. చేతికి గట్టు తగిలింది. గట్టు మీద అగ్గిపెట్టె ఉంది.’

బాగానే ఉందే అనుకుంది. ఆట మూసేసి, బండి క్వార్టర్ల వైపు పోనిమ్మని డ్రైవర్‌కి చెప్పింది.

శ్రీరామ్మూర్తి ఇల్లు సగం అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది. ఆయన భార్య జోగమ్మ లాప్‌టాప్ బిల్లు తీసి ఇచ్చింది. నా కూతురు దొంగ కాదని చెప్పడానికి ఏ కాగితం కావాలో అదీ చెప్పండి, వెతుకుతానంది. సూర్యకళ బిల్లు ఫైల్లో పెట్టుకుంది. దాహంగా ఉందని తనే వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగింది. వీధి తలుపులోంచి లోపలికొస్తే కుడికి వంటిల్లు. ఎడమకి పడకగది, బాత్రూమ్.

అక్కడినుంచి పక్క క్వార్టర్‌కి వెళ్ళింది. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. భీమశంకరరావు భోజనం చేసి వచ్చి కుర్చీలో వాలి ఉన్నాడు. దండ ఇంకా మెడలోనే ఉంది.

“ఆటలో ఇల్లు ఎవరిదండీ?”

“ఇదే మేడమ్. ఇరవై ఏళ్ళబట్టి ఉంటన్నాను. కళ్ళు మూసుకుని తిరుగుతాను. అలాగే కళ్ళు మూసుకుని రాసీసినాను.”

“మీ కంప్యూటర్లో ఆ ఫైలు ఎప్పట్నుంచి ఉంది?”

ఈమధ్య కంప్యూటర్ పాడైతే అన్నీ కొత్తగా ఎక్కించుకున్నానని, తేదీలు మారిపోయాయని గడగడా చెప్పాడు. బాగా బట్టీ పట్టాడు.

సూర్యకళ మంచినీళ్ళు తాగొస్తానని లేచింది. పక్కింట్లో లాగే కుడికి తిరిగి తలుపు తోసింది. ఎదురుగా బకెట్టు, చెంబు.

భీమశంకరరావు పొట్ట ఊగేలా నవ్వాడు. “అది బాత్రూమ్ మేడమ్. ఈ క్వార్టర్లన్నీ జంటలు. ఆళ్ళకి కుడికొచ్చింది మాకు ఎడమకి వత్తాది. కొత్తోళ్ళందరూ ఇలాగే పప్పులో కాలేస్తారు.”

సూర్యకళ కూడా నవ్వింది. ఆయన భార్య కుసుమకుమారి నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఏదో చెప్పబోయి మొగుడి మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు గంటలు. హాల్లో అందరూ చేరారు. నోటీసు టైపు చేసి సిద్ధంగా ఉంచాడు సాయిశంకర్. సత్యశ్రీ చివరి వరసలో కూర్చుంది. పక్కన శ్రీరామ్మూర్తి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, హెల్మెట్ ఒళ్ళో ఉంది. సారీ చెప్పేసి ఇంటికి వెళ్ళిపోదాం పదమ్మా అని ఆయన కూతుర్ని బతిమాలుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

సూర్యకళ స్టేజీ ఎక్కింది. తనకి కంప్యూటర్ ఆటలు అంతగా అర్థం కావని, నోటీసు పెట్టేముందు రచయితగారే ఒక్కసారి ఆడి చూపిస్తే కేసు ఫైలులో రాసుకుంటానని చెప్పింది. ఇంతమంది ముందు ఆడమంటే భీమశంకరరావు కాదంటాడా? శాలువా సర్దుకుని కూర్చున్నాడు. వెనక పెద్ద తెర మీద ఆట మొదలైంది.

“చీకటి,” అని చదివి వినిపించాడు. “వంటిల్లు ఎటో నీకు తెలుసు. తెలుసు మరి. నా ఇల్లు కదా.”

ఏమాత్రం ఆలోచించకుండా కొట్టాడు: ఎడమకి.

తెర మీద అక్షరాలు వచ్చాయి.

‘పడకగది. అగ్గిపెట్టె ఇక్కడ లేదు. గోడ అవతల నుంచి పక్క క్వార్టర్ అంకుల్ గొంతు: నాను లేపోతే ఈ ప్లాంటు ఒక్కరోజు నడవదు, రాసుకో. ఆంటీ రాసుకోదు. ఇక్కడ నిలబడకు. ఇంకా మూడు గంటలు మాట్లాడతాడు. కాఫీ ఇవ్వడు.’

హాలంతా చదివింది. ముందుగా నవ్వింది కుసుమకుమారి. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ తర్వాత వరస వరసంతా నవ్వింది. బిర్యానీ తిన్న నోళ్ళే అవన్నీ.

“ఇది తప్పు,” అన్నాడు భీమశంకరరావు. మైకు ముందున్న సంగతి మర్చిపోయాడు. “నాను సెప్పింది కరెక్టే. ఆ పిల్ల తిరగేసి కొట్టీసింది.”

“సరేనండి, తిరగేసిందే అనుకుందాం,” అంది సూర్యకళ. “మీ గోడ అవతల ఎవరుంటారు?”

“శ్రీరామ్మూర్తోళ్ళు.”

“అయితే ఈ గొంతు శ్రీరామ్మూర్తి గారిదా? ప్లాంటు తనవల్లే నడుస్తందని ఆయన ఎప్పుడైనా అన్నారా?”

శ్రీరామ్మూర్తి గొంతు ఆ హాల్లో చాలామంది ఇంతవరకు విననే లేదు. భీమశంకరరావు మైకు పక్కకి జరిపాడు.

సూర్యకళ మిగతావాళ్ళకి విడమర్చి చెప్పింది. ఆటలో ఇల్లు సత్యశ్రీ వాళ్ళది. వంటిల్లు కుడికి. ఈయన ఇల్లు దానికి అద్దంలో బొమ్మ. క్వార్టర్లు జంటలని మధ్యాహ్నం ఈయనే నవ్వుతూ చెప్పాడు. కళ్ళు మూసుకుని తిరుగుతానన్న మనిషి తన ఇంట్లో తిరిగినట్టే ఆటలోనూ ఎడమకి తిరిగాడు. తిరిగి, సరిగ్గా తను ఉండే గోడ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు. పొద్దున తాళం తీసి బ్యాగు ఎత్తుకున్నాడు. దండ వంకతో స్కూటర్ మీద ఇంటికి చేర్చాడు. ఫైలు తీసుకుని, పేరు మార్చి ఎక్కించాడు. అన్నీ చేశాడు గాని, ఒక్క పని చెయ్యలేదు.

“దొంగిలించినోడు కనీసం ఒక్కసారి ఆడి సూసుకోవాల కదండీ,” అంది.

“బ్యాగు మా వంటింటి అటక మీద ఉంది మేడమ్,” అంది కుసుమకుమారి, కళ్ళు తుడుచుకుంటూ. “పాత కుక్కర్ అట్టపెట్టెలో పెట్టినారు. పొద్దున్నే సెప్పాల్సింది.”

ఎందుకు చేశావని సూర్యకళ అడగలేదు. జవాబు స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద, తలుపంత ఫోటోలో వేలాడుతూనే ఉంది.

సాయిశంకర్ అప్పటికే పార్టీ మార్చేశాడు. తనకి మొదట్నుంచీ అనుమానంగానే ఉందని పక్కవాళ్ళకి చెబుతున్నాడు. సత్యశ్రీని పిలిచి కీబోర్డు ఆమె ముందుకు జరిపాడు. ఆమె లేచి వచ్చింది. రచన అన్నచోట పాత పేరు కొట్టేసి సత్యశ్రీ అని రాసింది. వెనకనుంచి శ్రీరామ్మూర్తి ఆ పేరు చూస్తూ హెల్మెట్ తలకి పెట్టుకుని మళ్ళీ తీశాడు.

సూర్యకళ వెంట వచ్చిన కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే భీమశంకరరావు సత్యశ్రీ దగ్గర ఆగాడు. కేసు ఏమైతే అయిందన్నాడు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానన్నాడు. ఆ గోడ అవతల గొంతు మాత్రం ఆటలోంచి తీసెయ్యాలట. ప్రపంచంలో తెలుగువాళ్ళందరూ ఆడతారు, పరువు పోతుంది, నీ తండ్రిలాంటివాణ్ణి అని గొణిగాడు.

సత్యశ్రీ కీబోర్డు వదిలి ఆయన వైపు తిరిగింది.

“ఆ మాటలు నాను రాసినవి కావు అంకుల్. సిన్నప్పట్నుంచి గోడకి చెవి పెట్టకుండానే వింటన్నాను. అవి మీవే. ఎవరివి ఆళ్ళ పేరున వెయ్యాల.”

మళ్ళీ కీబోర్డు వైపు తిరిగింది. తన పేరు కింద ఇంకో వరస రాసింది. పెద్ద తెర మీద అందరూ చదివారు.

గోడ అవతల గొంతు: భీమశంకరరావు.

ఆ సాయంత్రం నుంచే జనం ‘సి షిఫ్టు’ ఆడడం మొదలుపెట్టారు. వంటిల్లు కుడికని హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా అందరూ ముందు ఎడమకే తిరిగారు.