వెనకున్నామె జవాబు

అక్క పెళ్లయి వెళ్లిపోయాక ప్రూఫ్‌రీడర్ తన వీల్‌చైర్ తానే తోసుకుంటోంది. జనం మాత్రం ఇంకా ఆమె తల మీదుగా, అక్క నిలబడే చోటునే అడుగుతున్నారు.

"అమ్మాయికి ఏ రంగు కావాలట?" అన్నాడు టైలర్, ఖాళీ గాలిని.

"నీలం" అంది తను. అతను వెనక్కే చూస్తూ, ఏదో విన్నట్టు తలూపి బూడిదరంగు బట్ట కత్తిరించేశాడు.

ఆ రోజు నుంచి మెడ మీద ఎవరిదో ఊపిరి తగులుతున్నట్టే ఉండేది.

ఒక సోమవారం ఆఫీసు లిఫ్ట్‌లో ఒళ్లోని కాగితాలు సర్దుకుంటోంది. వెనక లిఫ్ట్ మెకానిక్.

"ఎన్నో ఫ్లోరండీ?"

"మూడు."

"ఎన్నో ఫ్లోరండీ?"

"మూడు!"

"ఫ్లోర్ చెప్పండి, ప్లీజ్."

ఆమెకు ఒళ్లు మండింది. "నా వెనకున్నావిడనే అడగండి, మీ పక్కనే ఉందిగా!" అంటూ తలెత్తింది. ఎదుటి అద్దంలో అతను కంగారుగా పక్కకు చూశాడు.

"ఎవరూ లేరే! సారీ అండీ, నాకు వినపడదు. పెదాలు కనిపిస్తేనే మాట తెలుస్తుంది. మీరేమో తల దించుకుని గొణుగుతున్నారు."

"గొణిగానా? అరిచాను!"

"అరిచినా నాకొకటే" అని నవ్వాడు.

తన జవాబును తన పెదాల మీదే వెతికే మనిషి! ఆమె గుండె ఝల్లుమంది.

ఆ నెలలో అతను నాలుగుసార్లు రిపేరుకొచ్చాడు.

"లిఫ్ట్ బాగానే ఉందిగా?"

"లిఫ్ట్ బాగుంది. నేనే బాలేను."

వెనకున్నామె సంగతి బెదురుతూనే చెప్పింది. అతను నవ్వలేదు. "నన్నూ ఎవరూ అడగరు. 'మీవాడేమంటాడు?' అని మా అమ్మనే అడుగుతారు" అన్నాడు.

ఆదివారం ఆ అమ్మే సంబంధం మాట్లాడటానికి వచ్చింది, కొడుకుని వెంటబెట్టుకుని. ప్రూఫ్‌రీడర్ నాన్న వంటింట్లో టీ పెడుతున్నాడు. ఆవిడ మంచి మనిషే, కానీ చూపు మాత్రం ప్రూఫ్‌రీడర్ తల దాటి వెళ్లిపోయింది.

"మావాడంటే అమ్మాయికి ఇష్టమేనా?"

ఇష్టమే అనబోతుండగా వెనక కుర్చీ పిడి కిర్రుమంది. ఏదో విన్నట్టు ఆవిడ ముఖం మెల్లగా వాడిపోయింది. "అయ్యో, ఇష్టం లేదా..." అంటూ లేవబోయింది.

ప్రూఫ్‌రీడర్ చక్రాలు పట్టుకుని బలమంతా పెట్టి వెనక్కి తోసింది. గోడకు తగిలేముందు మెత్తగా ఏదో అడ్డుపడింది. ఆమె ఆగలేదు. కుర్చీ గోడకు అతుక్కునేదాకా తోసింది.

"నాకిష్టమండీ! చెప్తున్నది నేను!"

ఆమె పెదాలనే చూస్తున్న మెకానిక్ సిగ్గుతో ఎర్రబడ్డాడు. అతని తల్లి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినట్టు కళ్లు నులుముకుని, మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది.

"అలాగా తల్లీ! మరి పెళ్లెప్పుడు పెట్టుకుందామంటావ్?"