నుదుటి మీద ఎర్ర లైటు

"కదలకండి మేడమ్" అంది పట్టీ బిగిస్తున్న అమ్మాయి. సుభాషిణి కదలడం లేదు, వణుకుతోంది. విశాఖలో ఆటోలకు డ్రైవర్లు లేకుండా పోయారు, వానొస్తే బీచ్ రోడ్డు పొడవునా గొడుగు దానంతటదే విచ్చుకుంటుంది, దేనికీ ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. కానీ నుదుటికి కట్టే ఈ పట్టీ పేరు చెబితే మాత్రం లాజిక్ పజిల్స్ చేసేవాళ్ల గుండెలు గుభేలుమంటున్నాయి.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ కౌస్తుభ్ పజిల్ పోటీ హాల్లో మైకు పుచ్చుకుని గ్యాలరీ వైపు తిరిగాడు.

"మెట్టు మెట్టు ఎక్కి మేడ మీదికి వెళ్లడం ఒకటి, కింద నుంచి గెంతడం ఒకటి. మెదడు కూడా అంతే. తర్కంతో తేల్చినప్పుడు సిగ్నల్ మెట్లెక్కుతుంది. ఊహించినప్పుడు గెంతుతుంది. గెంతిందా, నుదుటి మీద ఎర్ర లైటు! ఒక్కసారి వెలిగినా అవుట్. మిగిలినవాళ్లలో ఎవరు ఎక్కువ గళ్లు నింపితే వాళ్లదే కప్పు."

"మరి తెలియకుండా ఊహిస్తే?" అని గ్యాలరీలోంచి ఒకావిడ అడిగింది.

"మీకు తెలియకపోయినా దీనికి తెలుస్తుందమ్మా."

ఏటేటా ఈ పోటీలో సుభాషిణిదే కప్పు. ఆ పేరు మీదే ఇంట్లో పిల్లలకు పజిల్ క్లాసు పెట్టింది. "ఊహించకూడదు, తేల్చాలి" అని రోజూ వాళ్ల చేత వల్లె వేయిస్తుంది. ఆ పిల్లల తల్లులంతా ఇప్పుడు గ్యాలరీలో కూర్చున్నారు. అసలు సంగతేమిటంటే, ఆవిడ గెలిచిందంతా ఊహించే! కట్టుకున్న మొగుడికి కూడా చెప్పని మాట అది.

ఆ మొగుడు పట్టాభి సంచీ మోయడానికి వచ్చాడు. ఒక పోటీదారు రాలేదు. పట్టీలన్నీ తలలకు ఉంటేగాని మెషిన్ మొదలవదట. "సార్, ఊరికే కూర్చోండి" అని ఆయన్ను బతిమాలి ఖాళీ కుర్చీలో కూలేశారు.

గంట మోగింది. ఐదిళ్లు, ఐదుగురు మనుషులు, ఎవరి పెరట్లో ఏ చెట్టుందో తేల్చాలి. సుభాషిణి బుద్ధిగా ఒక్కో మెట్టే ఎక్కింది. సగం దూరం వచ్చాక దారి మూసుకుపోయింది. పెన్సిల్ తనంతట తానే మూడో ఇంటి పెరట్లో పనసచెట్టు పెట్టేసింది.

నుదురు వెచ్చబడింది. అయిపోయింది, పరువంతా గంగలో కలిసింది! గట్టిగా కళ్లు మూసుకుంది. ఆ తల్లుల మొహం ఎలా చూడడం?

గ్యాలరీలో నవ్వులు వినిపించాయి. తననే అనుకుంది. ఓరగా ఒక కన్ను తెరిచి చూస్తే ముందు కుర్చీలో కుర్రాడి నుదుటి మీద ఎరుపు. పక్కన హైదరాబాదు ప్రొఫెసరు గారికి ఎరుపు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా హాలంతా ఎరుపే!

"అమ్మయ్య!" అంది సుభాషిణి పైకే. ఏళ్ల తరబడి గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. దొంగ తనొక్కతే కాదు, అందరూ దొంగలే! నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

డాక్టర్ కౌస్తుభ్ మొహం మాత్రం వెలవెలబోయింది. కంప్యూటర్ దాని పని అది చేసుకుపోయింది. "విజేత, పట్టాభి గారు."

నిజమే, ఎర్ర లైటు వెలగనిది ఆయనొక్కడికే. కాగితం తెల్లగా ఉంది.

"మీరేమీ రాయలేదేం సార్?" అన్నాడు డాక్టర్ నీరసంగా.

"మొదటి వాక్యంలోనే 'పక్కిల్లు' అన్నారు. కుడి పక్కా, ఎడమ పక్కా? తెలియకుండా ఎలా రాస్తానండీ? అడుగుదామంటే మాట్లాడకూడదన్నారు."

రూలు రూలే. కప్పు ఆయన చేతిలో పెట్టారు. తల్లులు మెట్లు దిగి వచ్చారు. సుభాషిణి దగ్గర కాసేపు నసిగి, చివరికి ఒకావిడ ధైర్యం చేసింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. మా పిల్లలకు రేపటి నుంచి సార్ క్లాసు చెబితే బాగుంటుందని..."

ఇంకోరోజైతే సుభాషిణికి తల కొట్టేసినట్టయ్యేది. ఇప్పుడు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. ఆ పిల్లల ముందు నిలబడి ఆ అబద్ధం ఇక చెప్పనక్కర్లేదు.

"తప్పకుండా చెబుతారు" అంది.

ఆటో ఎక్కాక కప్పు ఒళ్లో పెట్టుకుని పట్టాభి బిక్కమొహం వేశాడు.

"నాకు పజిల్ అంటే ఏమిటో కూడా తెలియదే! రేపు పిల్లలకు ఏం చెప్పను?"

సుభాషిణి వెనక్కి వాలి, చాలాకాలం తర్వాత నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

"ఏదో ఒకటి ఊహించి చెప్పేయండి."