ఎడమ పేజీలోని అంకెలు

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. కుట్టుమిషన్ ముందు నాన్న, కాజాల మిషన్ ముందు అమ్మ, కిటికీ పక్క కుర్చీలో నాయనమ్మ, లోపలి గది తలుపు వెనక కూతురు గువ్వ. ఐదో మనిషి ముందుగది మధ్యలో, ఒక చొక్కాలో ఉన్నాడు.

చొక్కా వేసుకున్నాడు అనడానికి వీల్లేదు. చొక్కాలో ఉన్నాడు, అంతే.

“మాస్టారూ, ఇందులో ఇంకొకరికి చోటుంది. ఎవర్నైనా పిలవమంటారా?” అన్నాడతను.

చొక్కా అంచు తొడల సగం దాకా వచ్చింది. కాలరు మెడ చుట్టూ గాజులా తిరుగుతోంది. చేతులు మాత్రం మోచేతులకి పైనే ఆగిపోయాయి.

నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. “బాగానే ఉందిరా అబ్బాయ్. వచ్చే ఏడాదికి సరిపోతుందిలే.”

“మామ్మగారూ, నా ఇంటర్వ్యూ వచ్చే ఏడాది కాదండీ. ఇవాళ మూడింటికి!”

నాన్న మొహం పాలిపోయింది. పాతికేళ్లుగా ఆ ఇంట్లో కత్తెర పట్టిన మనిషి. ఒక్క బట్టా పాడుచేసింది లేదు. మెడలో టేపు తీసి అతని ఛాతీ కొలిచాడు. ముప్పై ఆరు. చొక్కా కొలిచాడు. నలభై నాలుగు.

“గువ్వా, కొలతల పుస్తకం!” అని కేకేశాడు.

ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదేమో అనిపిస్తుంది. కొత్తవాళ్లు గుమ్మంలోకి రాగానే తలుపు వెనక్కి చేరుతుందని చిన్నప్పుడే నాయనమ్మ ఆ పేరు పెట్టింది. పద్దెనిమిది నిండాయి, పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసయింది, అయినా తలుపు మాత్రం వదల్లేదు. పుస్తకం పట్టుకున్న చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది.

“చెయ్యి వచ్చింది. మిగతా మనిషి వెనక బండిలో వస్తున్నారా?” అన్నాడతను.

చెయ్యి చటుక్కున లోపలికి పోయింది. అమ్మ నవ్వు ఆపుకోవడానికి దారం కొరికింది.

నాన్న పుస్తకం తెరిచాడు. అందులో మనుషుల పేర్లుండవు. “మీసాల పోస్ట్‌మాన్”, “రెండు జేబుల పెద్దాయన”, ఇలా ఉంటాయి. ఈ కుర్రాడి పేజీ పైన “వెదురు” అని ఉంది.

“వెదురా?” అతను మెడ చాచి చూశాడు. “నన్నేనా?”

“పొడుగు కదా బాబూ, గుర్తుకోసం,” అన్నాడు నాన్న ఇబ్బందిగా.

నాన్నకి ఒక పద్ధతి ఉంది. కొలతలు కుడి పేజీలో రాయిస్తాడు. ఎడమ పేజీ ఖాళీగా ఉంచుతాడు. ఎవరైనా మళ్లీ వచ్చి మార్పు చెబితే ఆ కొత్త అంకెలు ఎడమవైపు రాస్తారు. ఎడమ పేజీలో అంకె ఉందంటే కుడి పేజీ చెల్లదు. పొడవు, ఛాతీ, చెయ్యి, కాలరు, ఆ వరస ఎన్నడూ మారదు.

వెదురు ఎడమ పేజీలో నాలుగంకెలున్నాయి. ముప్పై ఆరు, నలభై నాలుగు, ఎనిమిది, పద్దెనిమిది.

“చూశావా బాబూ, నువ్వే వచ్చి మార్పించుకున్నావనుకున్నాను. ఇదేం కొలతరా అనుకున్నా, ఈ కాలం ఫ్యాషన్ ఏమోలే అని కత్తిరించేశా. మరి ఇవి ఎవరు రాశారు?”

పుస్తకంలో రాసేది ఒక్క మనిషే. నలుగురూ తలుపు వైపు చూశారు.

గువ్వ బయటికి వచ్చింది. కళ్లు నేల మీదే ఉన్నాయి.

“అవి కొలతలు కావు నాన్నా. కాలేజీ ఖర్చు. వేలల్లో. ఫీజు ముప్పై ఆరు, హాస్టల్ నలభై నాలుగు, పుస్తకాలకి ఎనిమిది, ప్రయాణాలు, పైఖర్చులు పద్దెనిమిది.”

“కొలతల పుస్తకంలో ఎందుకే?”

“విడి కాగితం మీద రాస్తే మీరు చూస్తారని. ఇందులో రాసి చెరిపేద్దామనుకున్నా, మరిచిపోయా.”

బయట వాన పడుతోంది. అది ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు.

స్కూల్లో మాస్టారు చెప్పిన మాట గువ్వ మనసులో మేకులా దిగిపోయింది. అకౌంటింగ్ డిగ్రీ చదివితే పట్నంలో పెద్ద కాలేజీలోనే చదవాలి, లేకపోతే ఆడిటర్ ఆఫీసుల్లో గుమ్మం కూడా ఎక్కనివ్వరు అన్నారాయన. ఏడాదికి లక్షా ఆరు వేలు. దరఖాస్తుకి ఆఖరి తేదీ రేపే. చదువు ఈ ఏడాదికి మానేస్తాను అని చెప్పడానికి పదిరోజులుగా మాటలు వెతుక్కుంటోంది.

నాన్న కళ్లు కాజాల మిషన్ వైపు వెళ్లాయి. అమ్మ ఆ చూపు పట్టుకుంది.

“అమ్మేద్దాం,” అంది వెంటనే. “కాజాలు చేత్తో కుట్టుకుంటా. ఇది రాకముందు కుట్టలేదా ఏం?”

ఆ మిషన్ వచ్చిన రోజు అమ్మ దానికి ఎలా దుప్పటి కప్పిందో గువ్వకి గుర్తుంది.

“ముందు ఈ అబ్బాయి చొక్కా సంగతి చూడండర్రా,” అంది నాయనమ్మ. “గంటన్నర కూడా లేదు.”

అంతే, ఇల్లంతా కదిలింది. నాన్న చొక్కా తిరగేసి పక్కలకి సుద్దగీతలు గీశాడు. గువ్వ కుట్లు విప్పడానికి కూర్చుంది. అమ్మ కాలరు ఊడదీసింది. పాపం వెదురు నాన్న శాలువా కప్పుకుని, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ స్టూలు మీద కూర్చున్నాడు.

“నువ్వేం చదువుతున్నావు అబ్బాయ్?” నాయనమ్మ అడిగింది.

“అకౌంటింగేనండీ. రెండో ఏడు అయిపోయింది. మన పక్క ఊరి కాలేజీలో.”

గువ్వ చేతిలో సూది ఆగింది.

“అయితే చెప్పు, పట్నం కాలేజీ ఎలాంటిది?” అంది నాయనమ్మ.

“చాలా మంచిదండీ!” అతను హుషారుగా మొదలుపెట్టాడు. “లైబ్రరీయే మూడంతస్తులు. పెద్ద మైదానం. హాస్టల్లో వేడినీళ్లు. అక్కడ చదివితే ఆ దర్జాయే వేరు. ఖర్చంటారా, ఏదో విధంగా...”

“మరి మీ కాలేజీ?”

“మాదా? ఏదో... ఉందండీ.”

“ఏదో ఉందేమిటి? రెండేళ్లు చదివిన కాలేజీ గురించి ఒక్క మంచి మాట రాదేం నీ నోట?”

అతను టీ గ్లాసులోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“చెబితే నా స్వార్థం అనుకుంటారేమోనని...”

“నీకేం స్వార్థం అందులో?”

శాలువా చెవులదాకా పైకి వెళ్లింది. అమ్మ తల వంచుకుని మరీ శ్రద్ధగా కాలరు చూసుకుంది. నాన్నకి ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు. అతను సుద్ద వెతుక్కుంటున్నాడు.

అప్పుడు గువ్వ తలెత్తింది. బయటివాళ్లతో తనంతట తాను మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

“డిగ్రీ ఇచ్చేదెవరండీ? మీ కాలేజీకీ, ఆ కాలేజీకీ?”

“రెండింటికీ ఒకటే యూనివర్సిటీ. పరీక్ష పేపరూ ఒకటే. మీ దరఖాస్తు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి.”

గువ్వ లేచి వెళ్లి దరఖాస్తు తెచ్చింది. చివరి లైను చదివింది. రెండుసార్లు చదివింది.

“మీ కాలేజీలో ఏం బాగోదు?”

“కాంటీన్ టీ. మీ అమ్మగారి టీ తాగాక అది మరీ ఘోరం. మూడో గదిలో ఫ్యాను తిరగదు, అరుస్తుంది. లైబ్రరీ అంటే రెండు బీరువాలు. సగం పుస్తకాలకి అట్టలుండవు.”

“ఆడిటర్ ఆఫీసుల్లో గుమ్మం ఎక్కనివ్వరటగా?”

“నేను ఇవాళ ఎక్కబోయేది ఆ గుమ్మమేనండీ. మా కాలేజీ నుంచి నలుగుర్ని పిలిచారు.” అతను తన ఒంటి మీది శాలువా చూసుకున్నాడు. “చొక్కా ఉంటే ఎక్కుతాను.”

గువ్వ నవ్వింది. పళ్లు కనబడేలా నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను అది చూసి చెప్పబోయింది మరిచిపోయాడు.

“ఖర్చు చెప్పు బాబూ,” అన్నాడు నాన్న.

“ఆఁ... ఫీజు ఇరవై రెండు. బస్సు పాసు ఐదు. పరీక్ష ఫీజు రెండు. పుస్తకాలు కొనక్కర్లేదు, మొదటి ఏడువి నా దగ్గరున్నాయి. తీసుకుంటానంటేనే.”

గువ్వ నోట్లోనే కూడుకుంది. “ఇరవై తొమ్మిది.”

నాన్న చేతిలో టేపు చొక్కా మీద పరిచి ఉంది. కింద అంచు ఎక్కడ మడవాలో చూసి సుద్దతో గీత గీశాడు. “ఇదీ ఇరవై తొమ్మిదే,” అన్నాడు. ఆ తర్వాత కూతురి వైపు చూశాడు. “నువ్వు చెప్పమ్మా. నీకు కావాలంటే పట్నమే పంపిస్తాను. మిషన్ గురించి ఆలోచించకు.”

“ఆలోచించే చెబుతున్నా నాన్నా. పక్క ఊరే. అదే డిగ్రీ, అదే పరీక్ష. మిగతా డెబ్భై ఏడు వేలు మూడంతస్తుల లైబ్రరీ కోసం ఖర్చుపెట్టక్కర్లేదు.” దరఖాస్తు మడిచి పక్కన పెట్టింది. “అమ్మ మిషన్ అమ్మనివ్వను.”

అమ్మ కొంగుతో మిషన్ మీది దుమ్ము తుడిచింది. దాని మీద దుమ్మేం లేదు.

రెండున్నరకి చొక్కా తయారైంది. ఒంటికి అతికినట్టు ఉంది. చేతులు పొడిగించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

“పొట్టి చేతులతోనే వెళ్తానండీ. పని చేసేటప్పుడు ఎలాగూ మడవాలి,” అన్నాడతను. కుట్టుకూలి ఇవ్వబోతే నాన్న ఆ చెయ్యి పట్టుకుని మూసేశాడు.

“మాకు నువ్వు చేసిన మేలుకి మేం చొక్కా ఇంకొకటి కుట్టాలి బాబూ.”

అతను గుమ్మం దాటి అరుగు మీద ఆగాడు. వాన గట్టిగానే ఉంది. చొక్కా అంచు లోపలికి దోపుకోబోయి, ఏదో వేలికి తగిలి తిప్పి చూశాడు.

“ఏవండీ,” అన్నాడు, తలుపు సందులోంచి కనిపిస్తున్న సగం మొహంతో. “లోపల గుండీలేవో ఉన్నాయి?”

“అందరికీ ఒక గుండీ ఎక్కువ కుడతాం. ఊడిపోతే పనికొస్తుందని.”

“నాకు రెండున్నాయి. ఇదీ పొరపాటేనా?”

తలుపు సందు ఇంకాస్త సన్నబడింది.

“కాదు,” అంది గువ్వ.

అతను ఇంటర్వ్యూ సంగతి, వాన సంగతి, తాను ఎటు వెళ్లాలన్న సంగతి ఒక్కసారిగా మరిచినట్టు నిలబడిపోయాడు. “అయితే... జాగ్రత్తగా ఉంచుకుంటాను,” అన్నాడు చివరికి.

గువ్వకి ఇంకో మాట చెప్పాలని ఉంది. అతను కాలేజీ ఖర్చు చెప్పినప్పటినుంచీ నాలుక చివరే ఉంది. అది పైకి రాక తలుపు వెనక్కి అడుగు వేసింది. వెనక నాయనమ్మ నిలబడి ఉంది, చేతిలో గొడుగుతో.

“థాంక్స్ చెప్పావా?”

గువ్వ తల అడ్డంగా ఊపింది.

“నాకు తెలుసు.” నాయనమ్మ గొడుగు ఆమె చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యి వేసి అరుగు మీదికి ఒక్క తోపు తోసింది. “బస్టాపు దాకా వెళ్లి, దారిలో చెప్పు. బస్సెక్కాక గొడుగు వెనక్కి పట్టుకురా, మన ఇంట్లో ఉన్నది అదొక్కటే,” అని తలుపు మూసి గడియ వేసింది.