పెరటి వాటా చెత్త బాకీ

అంకాలమ్మ బర్రె పొదుగు కడిగి, చెంబు కింద పెట్టిందో లేదో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. పాలు పితికే వేళ ఎవరైనా వస్తే ఆమెకు ఒళ్లు మంట. బర్రె బెదిరితే పాలు చేపదు. పాలు చేపకపోతే వాడికెగా రోజూ పోసే ఇళ్లకు ఏం జవాబు చెప్పాలి?

"ఎవరబ్బా అది, పొద్దు పొడవకముందే?"

"నేనే అక్కా, జమాలుద్దీన్ని. పంచాయతీ బోర్డు నుంచి వచ్చినా."

బిల్లు కలెక్టరంటే మార్కాపురంలో చాలామంది తలుపులేసుకుంటారు. అంకాలమ్మకు ఆ భయం లేదు. మొగుడు పోయిన తర్వాత ఆ ఇంటినీ, ఇంటి పరువునూ ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. ఇంటి పన్ను అడక్కముందే కట్టే మనిషి. అందుకే ఆయన చేతిలోని కాగితం చూసి నవ్వింది.

"దారి తప్పినావా జమాలూ? ఈ ఏడు పన్ను కట్టేసినా గదా."

"నువ్వు కట్టినావక్కా. నీ పెరటి వాటా వాళ్లే చెత్తబండి రుసుము కట్టలేదు. బండి పెట్టినప్పటి నుంచి ఒక్క కానీ రాలేదు. అడిగి అడిగి మా కాళ్లు అరిగినాయి." జమాలుద్దీన్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు కొత్త ఉత్తరువు వచ్చింది. కాపురముండేవాళ్లు కట్టకుంటే, ఆ బాకీ ఇల్లుగలవాళ్ల ఇంటి పన్నులో కలపమన్నారు. నువ్వు కట్టిన సొమ్ము ముందు ఆ బాకీకే జమైపోయింది. నీ ఇంటి పన్ను నిలిచినట్టే లెక్క."

"అదేం లెక్క? వాళ్లది వాళ్లను అడగాల!"

"అడగడమైపోయిందక్కా. శుక్రవారంలోగా కట్టకుంటే జప్తు. ఈ ఇంట్లో జప్తు చేయదగింది బర్రె ఒక్కటేనని రాసుకున్నారు. ముందుగా చెప్పిపోదామని వచ్చినా."

ఆయన వెళ్లిపోయాడు. ఆ పూట బర్రె సగం పాలు కూడా ఇవ్వలేదు. అంకాలమ్మ దాని మెడ మీద చెయ్యేసి అట్లాగే కూర్చుండిపోయింది. ఆమె తిండీ బట్టా అన్నీ ఆ బర్రె పాలలోనే ఉన్నాయి.

పెరటి వాటాలో ఉండేది పరాయివాళ్లయితే ఈపాటికి అంకాలమ్మ నోరు వీధంతా వినపడేది. కానీ ఉన్నది ఒక్కగానొక్క కూతురు చెన్నమ్మ, అల్లుడు కాటమరాజు. కాటమరాజు కొనకనమిట్ల వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చి, ఊరవతల మెట్టచేను కౌలుకు చేసుకుంటున్నాడు. ఇల్లరికం వచ్చాడన్న మాట పడకూడదని నెలనెలా అద్దె ఇస్తాడు. ఆ అద్దె కూడా పెళ్లాం చేతికిస్తాడు, ఆమె తెచ్చి తల్లికిస్తుంది. అత్త అల్లుడి ఎదుట పడకూడదనీ, ముఖాముఖి మాట్లాడకూడదనీ ఆ ఇంటి మర్యాద. పెళ్లయిననాటి నుంచీ అల్లుడి ముఖం ఆమె తలుపు సందులోంచి చూసిందే తప్ప, ఒక్క మాట నేరుగా అన్న పాపాన పోలేదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసే పని చెన్నమ్మది. టపా మనిషికైనా ఆదివారం సెలవుంటుంది, చెన్నమ్మకు అదీ లేదు.

"ఏందే ఇది? రుసుము కట్టడంలేదా నీ మొగుడు?" అని అంకాలమ్మ కూతుర్ని నిలదీసింది.

చెన్నమ్మ ముఖం పాలిపోయింది. "అడిగొస్తానమ్మా" అంటూ పెరట్లోకి వెళ్లింది. గోడ అవతల అల్లుడి గొంతు పైకి లేచింది. మాటలు తెలియలేదు కానీ, అందులో కోపం తెలిసింది. కూతురు ఏదో గొణిగింది. కాసేపటికి ఇవతలికి వచ్చి, "చూసుకుంటానన్నాడమ్మా" అంది.

"చూసుకునేవాడు అట్ల అరుస్తాడా?"

"కౌలు సంగతిలేమ్మా, దీనికి కాదు."

మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట. అంకాలమ్మకు ముద్ద దిగడం మానేసింది. వీధిలో ఎవరు నడిచినా బోర్డు వాళ్లేనేమోనని తలుపు సందులోంచి తొంగిచూసేది. గురువారం సాయంత్రానికి ఆ భయమంతా కోపమైంది.

"నా బర్రెను తోలుకపోయేదాకా చూస్తాడా? రుసుము కట్టే మనసు లేకుంటే వేరే ఇల్లు చూసుకోమను! నా మాటగానే చెప్పు."

చెన్నమ్మ తల్లి వైపు బిత్తరగా చూసింది. పెరట్లోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగి వచ్చింది.

"చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"సరేనన్నాడు."

ఆ 'సరే' వినగానే అంకాలమ్మ కోపమంతా దిగిపోయింది. అల్లుడు వెళ్తే కూతురూ వెళ్తుంది. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే, అది కూడా ఆ కూతురి చేతే చెప్పి పంపాలి. లేచి బర్రెకు గడ్డి వేసింది.

శుక్రవారం జమాలుద్దీన్ బోర్డు బంట్రోతును వెంటబెట్టుకుని వచ్చాడు. ముఖం ఎత్తి చూడలేక బర్రె తలుగు తాడు విప్పించాడు. దూడ అరిచింది. దూడ వైపు తిరగబోయిన బర్రెను బంట్రోతు లాగాడు. అంకాలమ్మ తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. బయటికి ఉరుకుదామంటే పెరట్లోంచి అల్లుడు రానే వచ్చాడు.

"చెన్నమ్మా, చూసినావా?" అన్నాడు కాటమరాజు, తలుపు వైపు చూడకుండా. "ఇంత పనైతుందని నేను మొదట్నే చెప్పి పంపినా గదా. మీ అమ్మ ఒక్క వేలిముద్ర వేసుంటే ఈ గతి పట్టేదా?"

"ఏం వేలిముద్ర?" అంది తలుపు వెనకనుంచి అంకాలమ్మ. "నన్నెవరడిగినారు?"

"వేయనన్నదని నువ్వే గదా చెప్పినావు?" కాటమరాజు పెళ్లాం వైపు తిరిగాడు.

చెన్నమ్మ ఇద్దరి మధ్యా నిలబడి ఎటూ చూడలేకపోయింది. అంకాలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గడప ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు.

"దాన్ని కాదు నాయనా, నన్నే అడుగు. ఏం వేలిముద్ర?"

కాటమరాజు తల దించుకున్నాడు. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు మెత్తబడింది. "అత్తా, మేము ఆ బండికి ఒక్క గంప చెత్త ఎత్తలేదు. గొర్రె పెంట, బర్రె పేడ, ఊడ్చిన కసువు అంతా గుంతలో వేసి మా చేనికే తోలుకుంటున్నాం. ఇయ్యని చెత్తకు రుసుమేందని అర్జీ పెడదామనుకున్నా. ఇల్లు నీ పేరున ఉంది, నీ వేలిముద్రే కావాలన్నారు. ఎన్నిసార్లు చెప్పి పంపినా నీకిష్టం లేదన్నావని..."

చెన్నమ్మ నేల మీద కూలబడింది.

"నేనే చెప్పలేదమ్మా! చిన్నాయన అర్జీ అని చెప్పి నీ వేలిముద్ర వేయించుకుని, మన పొలం రాయించుకున్నాడు గదా. ఆనాటి నుంచి కాగితమంటే చాలు నువ్వు వణికిపోతావు. 'చూస్తుండు, నీ మొగుడు కూడా ఒకరోజు కాగితం పట్టుకొస్తాడు' అని నా పెళ్లైన కొత్తలో నువ్వే అన్నావు. ఈయన నిజంగానే కాగితమన్నాడు. ఈయన్ను దొంగ అనుకుంటావని నీకు చెప్పలేదు. నువ్వు ఈయన్ను నమ్మవన్న సంగతి ఈయనకు చెప్పలేదు, వేలిముద్ర వేయనన్నావని మాత్రం చెప్పినా. నిన్న పొమ్మన్నావే, అదీ చెప్పలేదు."

అంకాలమ్మకు ఆ మాట గుర్తొచ్చింది. ఏదో పని చేసుకుంటూ నోటికొచ్చినట్టు అన్నది. అని మరిచిపోయింది. కూతురు మాత్రం దాన్ని ఇన్నాళ్లూ గుండెల మీద మోసింది. తన అనుమానమే తన బర్రె మెడకు బోర్డు తాడు వేసిందని తెలిసేసరికి ఆమెకు దుఃఖం ఆగలేదు. కూతురి పక్కన కూర్చుని, దాని తల పొట్టకు అదుముకుంది.

జమాలుద్దీన్ దగ్గాడు. "అక్కా, మీ అర్జీ న్యాయమైందే కావొచ్చు. అది తేలేదాకా బాకీ ఆగదు. కట్టి అడగాల్సిందే."

కాటమరాజు పెరటి గుంత వైపు చూశాడు. ఏడాది పొడుగునా కూడబెట్టిన పెంట అది. దాన్ని అమ్మమని రెండో వీధి మిరపతోట రైతు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. "జమాలన్నా, నేను వచ్చేదాకా బర్రెను కట్టేసి ఉంచు" అని కండువా దులుపుకుని వెళ్లాడు. తిరిగి వచ్చి బాకీ మొత్తం జమాలుద్దీన్ చేతిలో పెట్టాడు. ఆ వెనకే రైతు బండి పెరట్లోకి వచ్చింది.

బర్రె దూడ దగ్గరికి పోయింది. కాటమరాజు అలవాటుగా, "చెన్నమ్మా, మీ అమ్మకు..." అని మొదలుపెట్టి ఆగాడు. అత్త వైపు తిరిగాడు. "అత్తా, ఈ ఏడు మన చేనికి ఎరువు లేదు. పంట తగ్గుతుంది. అద్దె కొంచెం ఆలస్యమైతుంది."

"అద్దె అడిగిందెవరు నాయనా?" అంది అంకాలమ్మ.

దీపాలు పెట్టే వేళకు అర్జీ కాగితం, సిరా బుడ్డి తీసుకుని అతను గడప దగ్గరికి వచ్చాడు. చెన్నమ్మ గబుక్కున లేచి కాగితం అందుకోబోయింది.

"నువ్వు కూర్చోవే, తిరిగింది చాలు" అంది అంకాలమ్మ. అల్లుడికి పీట వాల్చింది. "చదువు నాయనా."

అతనిది వీధిబడి చదువు. అక్షరాలు కూడబలుక్కుంటూ, ఒక్కో మాటకు ఆగుతూ చదవసాగాడు. సర్కారు మాటలు సగం ఆమెకు అర్థం కాలేదు. ఆ గొంతు ఎంత నెమ్మదైనదో మాత్రం ఇప్పుడే తెలుస్తోంది. ఇన్నేళ్లూ గోడ అవతల కోపంగానే విన్నది. అతను చదువుతుండగానే ఆమె వేలు సిరాలో ముంచి, కాగితం అడుగున గట్టిగా ఒత్తింది.

కాటమరాజు కంగారుపడ్డాడు. "ఇంకా అయిపోలేదత్తా. సగమే చదివినా."

"తెలుసు" అంది ఆమె, ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ. "చదువు నాయనా, వింటున్నా."