పీపాలో గంగాదేవి

పెడనలో కోదండరామయ్య గారి రంగుల కొట్టు వైపు దీపాలు పెట్టాక ఎవరూ వెళ్లేవారు కాదు. కుక్కలు కూడా వెళ్లేవి కావని చెప్పేవారు. వెళ్లి చూసినవాడే లేనప్పుడు కుక్కల సంగతి ఎలా తెలిసిందో నేనడగలేదు.

లోపల టక్... టక్... మని చప్పుడు. తలుపు సందులోంచి గొంతు పట్టేసే వాసన. పగటిపూట తొంగిచూసిన వాడల్లా కళ్లనీళ్లు కారుస్తూ తిరిగొచ్చేవాడు. ఇంకేం కావాలి? రెండేళ్ల కిందట పోయిన కోదండరామయ్య గారి భార్య గంగాదేవే అని ఊరు తేల్చేసింది. బతికుండగా అద్దకం పనివాళ్లని మాత్రమే ఏడిపించిన మనిషి, పోయాక తీరిక దొరికి ఊరందరినీ ఏడిపిస్తోందన్నమాట.

నిజానికి లోపలున్నది బ్లీచింగ్ పౌడరు. యుద్ధం రోజులు, సరుకు మళ్లీ దొరకదని ఆయన పెద్ద పీపాడు కొని రేకుల కప్పు కింద పెట్టించారు. రోహిణి కార్తె ఎండలకి రోళ్లే పగులుతాయంటారు. పీపా మూత కదలడానికి మాత్రం మనవాళ్లకి ఒక ఆత్మ కావలసి వచ్చింది.

మా పాండురంగం మావయ్య బందరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆ పొడితో బట్ట తెల్లబడటం లేదని కోదండరామయ్య గారు కాస్త పొట్లం కట్టి ఆయనకి తెచ్చిచ్చారు.

మావయ్య చిటికెడు పొడి గాజుగొట్టంలో పోసి, బిరడా బిగించి, వేడినీళ్లలో నిలబెట్టాడు. కాసేపు ఏమీ లేదు. కింద దీపం తీసేశాడు. అయినా వేడి తగ్గలేదు... పెరుగుతోంది. ఇంకా పెరుగుతోంది—

ఠప్పున బిరడా ఎగిరి పైకప్పుకి తగిలింది. గుప్పున గాలి వచ్చి మావయ్య గొంతు పట్టేసింది.

"ఇది... తనంతట తనే కాగుతోందండీ," అన్నాడు దగ్గుతూ. "వెంటనే వెళ్లి ఆ మూత తీసెయ్యండి."

కోదండరామయ్య గారు నవ్వారు. "ఆ భయం లేదండీ. అప్పయ్య ఇవాళే దిగ్బంధనం చేశాడు."

అప్పయ్య భూతవైద్యుడు. మూతని సుత్తితో దిగ్గొట్టించాడు. సందులన్నీ లక్కతో పూడ్పించాడు. మోకులతో కట్టించాడు. పక్కనే నిప్పుల కుంపటి పెట్టి సాంబ్రాణి వేయించాడు. ఆపైన, తెల్లారి కోడి కూసేదాకా మూత మీద కూర్చోమని అద్దకం పున్నయ్యకి ఆజ్ఞ. ఊళ్లోకెల్లా బరువైన మనిషి అతనే మరి.

అంత పకడ్బందీగా పీపాని పేల్చే ఏర్పాటు చెయ్యడం మా మావయ్య చదువుకి కూడా చేతయ్యేది కాదు.

జట్కా కట్టించుకుని ఇద్దరూ పెడన చేరేసరికి చీకటి పడిపోయింది. కొట్టు ముందు జనం దూరంగా నిలబడి ఉన్నారు. లోపల కుంపటి వెలుగులో పీపా, దాని మీద పున్నయ్య. మూత ఇప్పుడు టకటకలాడటం లేదు. దెయ్యం అణిగిందని అప్పయ్య మీసం దువ్వుకుంటున్నాడు.

"పున్నయ్యా... దిగు నాయనా. అది పేలిపోతుంది," అన్నాడు మావయ్య. ఆ గాలికి పట్టేసిన గొంతు ఇంకా పెగల్లేదు. గుసగుసే వచ్చింది.

"వద్దండీ బాబూ... నేను దిగితే మా ధనమ్మ బతకదన్నాడండీ అప్పయ్య."

జనంలోంచి ధనమ్మ ఏడుస్తూ అరిచింది. "నేను పోతే పోయాను, దిగు మావా!"

పున్నయ్య కళ్లు మూసుకుని మోకుల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ పిచ్చి ప్రేమ తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు రాదు. లాగేద్దామని మావయ్య ముందుకు దూకితే నలుగురు పట్టుకున్నారు. చదవేస్తే ఉన్నమతి పోయిందని జాలిపడ్డారు కూడా. ఆయన విదిలించుకుని కొట్టు వెనక కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

పీపా లోపల సన్నగా... బుసకొట్టినట్టు...

అప్పుడు కొట్టు వెనక నుంచి వినిపించింది. ఆడగొంతు. విసుగ్గా.

"ఏరా పున్నయ్యా... కూర్చోడానికా కూలిచ్చేది?"

పున్నయ్య ఠక్కున లేచి కిందికి దూకాడు. భయపడి కాదు, అలవాటు! గంగాదేవి ఉన్నన్నాళ్లూ, ఇరవై ఏళ్లపాటు ఆ గొంతు వినగానే లేచినవాడే. వాకిట్లో చతికిలబడ్డ కోదండరామయ్య గారు కూడా లేచి, కండువా సర్దుకున్నారట.

పున్నయ్య గుమ్మం దాటాడో లేదో— ఢాం!

మూత రేకుల్ని చీల్చుకుని ఆకాశంలోకి పోయింది. కొట్టంతా తెల్లటి పొగ. ధనమ్మ మొగుణ్ణి కావలించుకుని కొట్టింది, ఏడ్చింది, మళ్లీ కొట్టింది. ఇదంతా తన మంత్రబలమేనని అప్పయ్య చెప్పుకున్నాడు. నమ్మారు కూడా.

ఆ గొంతు మా మావయ్యదేనని నేను చాలా ఏళ్లు చాలామందికి చెప్పి నవ్వించాను. సైన్సు చెబితే దిగనివాణ్ణి దెయ్యమై దింపాడని. ఒకరోజు మావయ్య ఎదుటే చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఆ వేళ నాకు గొంతెక్కడుందిరా? కిటికీ దగ్గర నోరైతే తెరిచాను..."

నా వైపు తిరిగాడు.

"అయినా గంగాదేవిని నేను ఎన్నడూ చూడలేదురా. ఆవిడ ఎలా మాట్లాడుతుందో నాకేం తెలుసు?"